పెరటి కొలను తీసేస్తున్నాం: చేపలను ఎవరికి, ఎలా అప్పగించాలి?

తామరకొలను
మేము ఇల్లు అమ్ముతున్నాము. కొన్నవారికి పెరటి కొలను అక్కరలేదు. రెండు నెలలలో దానిని పూడ్చివేస్తామని ముందుగానే చెప్పారు. అందులో ఆరు కోయి చేపలు (అలంకారం కోసం పెంచే రంగురంగుల కార్ప్ చేపలు) ఉన్నాయి. వాటిలో పెద్దది రెండడుగులకు కొంచెం తక్కువ ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌లు మాత్రం ఎవరూ అడగకుండానే గుడ్లు పెట్టి, పెరిగి, ముప్పై నలభై వరకు అయ్యాయి. అడుగున రెండు సక్కర్ చేపలు (నోటితో అంటుకుని పాచి తినే ప్లెకోలు) కూడా ఉన్నాయి, అవి పగటిపూట కనిపించనే కనిపించవు. మేము వెళ్లేది మూడో అంతస్తులోని ఫ్లాటుకు కాబట్టి వెంట తీసుకుపోయే వీలు లేదు. చేపలను కొన్న దుకాణంలో అడిగితే ఇంత పెద్దవాటిని తిరిగి తీసుకోబోమన్నారు. "చేపలే కదా, ఒక రాత్రి పూట ఏదైనా చెరువులో వదిలేయండి, వాటి బతుకు అవే బతుకుతాయి" అని బంధువులలో ఒకరు సలహా ఇచ్చారు. ఆ మాట నాకు మింగుడు పడడం లేదు. వీటిని మంచి చోటికి చేర్చాలంటే ఎవరిని అడగాలి, ఏమేమి చూసుకోవాలి, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గట్టుమీది_కొంగ
మీ బంధువు చెప్పినదానిలో అంత తప్పు నాకు కనిపించడం లేదు. సిమెంటు గోడల మధ్య తిరిగిన చేపకు చెరువు దొరకడం అదృష్టమే కదా! ఎకరాల కొద్దీ ఉన్న నీటిలో ఆరు చేపలు కలిస్తే వచ్చే నష్టమేమిటి?

మొప్పల_మాస్టారు
కొంగ గారూ, ఆరు చేపలు ఆరుగానే ఉండిపోతే మీ మాట ఒప్పుకునేవాడినే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ దగ్గర టెల్లర్ లేక్ అనే చిన్న చెరువు ఉంది. 2015లో అందులో మూడు నాలుగు వేల గోల్డ్‌ఫిష్‌లు ఉన్నట్టు అక్కడి అధికారులు గుర్తించారు. ఎవరో కొన్నేళ్ల కిందట వదిలిన నాలుగైదు చేపల సంతానమే అదంతా అని వారు అంచనా వేశారు. 2021లో మినెసోటా రాష్ట్రంలోని బర్న్స్‌విల్ నగరపాలక సంస్థ, కెల్లర్ లేక్‌లో పట్టిన పెద్ద పెద్ద గోల్డ్‌ఫిష్‌ల ఫొటోలు పెట్టి, పెంపుడు చేపలను చెరువుల్లో వదలవద్దని ప్రజలను వేడుకుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని వాస్ నదిలో ఇవి దాదాపు 2 కిలోల బరువు వరకు పెరిగాయి.

గోల్డ్‌ఫిష్ అయినా కోయి అయినా అడుగు బురదను నోటితో తవ్వి మేత వెతుక్కుంటుంది. బురద లేచి నీరు మసకబారితే వెలుతురు కిందికి చేరక నీటి మొక్కలు చనిపోతాయి, బురదలోని భాస్వరం నీటిలో కలిసి పాచి పెరుగుతుంది, ఆ మొక్కల మధ్య గుడ్లు పెట్టుకునే స్థానిక చేపలకు చోటే లేకుండా పోతుంది. చాలా దేశాలలో ఇలా వదలడం చట్టరీత్యా నేరం కూడా.

చేప వైపు నుంచి ఆలోచించినా ఇది దయ కాదు. ఎర్రగా తెల్లగా మెరిసే చేప వేటాడే పక్షికి దూరం నుంచే కనబడుతుంది. రోజూ ఒకే వేళకు గట్టు దగ్గర మేత అందుకున్న చేప, నీడ పడితే పారిపోవడానికి బదులు ఎదురు వస్తుంది.

గట్టుమీది_కొంగ
మాస్టారూ, టెల్లర్ లేక్ కథలో చివరి అధ్యాయం మీరు దాచిపెట్టారు. పెలికాన్ పక్షులు గుంపుగా వచ్చి ఆ గోల్డ్‌ఫిష్‌లను తినేశాయి. మా పక్షిజాతికి రావలసిన పేరు మాకు రావాలి కదా! హాస్యం పక్కన పెడితే, బురద సంగతి నాకు కొత్త. సరే, అలుగు లేని, ఎక్కడికీ పారని సొంత కుంట ఉన్న మనిషి దొరికితే అప్పుడైనా వదలవచ్చా?

నీటిలెక్క
యజమాని ఒప్పుకుని తీసుకుంటే అది వదిలేయడం కాదు, అప్పగించడం. కాని "ఎక్కడికీ పారదు" అన్న మాటను పెద్ద వాన కురిసిన రోజున చూసి నమ్మాలి. గట్టు మీదుగా నీరు పొర్లే కుంట అయితే చేపపిల్లలు కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి వెళ్తాయి. వరద మట్టానికి పైన ఉండాలి, లేదా నీరు బయటికి పోయే చోట సన్నని జల్లెడ ఉండాలి.

అద్దాలతొట్టి
దుకాణం నిరాకరించిందని మీరు నొచ్చుకోనవసరం లేదు. వారి తొట్లు చిన్న చేపల కోసం అమర్చినవి, పైగా బయటి చేపతో రోగం వస్తే ఒకే ఫిల్టర్ మీద నడిచే తొట్లన్నిటికీ పాకుతుంది. అయినా మరొక ప్రశ్న అడిగి చూడండి: చేపలను తీసుకోకపోయినా, పెద్ద కొలనులు ఉన్న తమ ఖాతాదారులకు కబురు చెప్పగలరా, గోడ మీద మీ ప్రకటన అతికించనిస్తారా అని. కోయి పెంపకందారుల సంఘాలు ఉంటే మొదట అక్కడ అడగాలి. మత్స్యశాస్త్రం బోధించే కళాశాలలు, పెద్ద తోటలు ఉన్న విడిది గృహాలు, అలంకార కొలనులు ఉన్న సంస్థలు కూడా ఆలోచించదగినవే. పబ్లిక్ అక్వేరియంల మీద ఆశ పెట్టుకోవద్దు. వారికి ఇలాంటి అభ్యర్థనలు లెక్కలేనన్ని వస్తాయి కాబట్టి సాధారణంగా కాదంటారు.

పాచిరంగు
విడిది గృహాల విషయంలో నేను విభేదిస్తాను. అక్కడ కొలను ఎవరి బాధ్యతో తరచుగా ఎవరికీ తెలియదు. మేనేజరు మారిన మరుసటి నెలలో ఫిల్టరు ఆపేసి, లైట్లు మాత్రం వెలిగించిన ఫౌంటెన్ ఒకటి నేను చూశాను. సంస్థకు ఇస్తే, రోజూ మేత వేసే మనిషి ఎవరో పేరుతో సహా తెలుసుకుని, అతనితో మాట్లాడిన తరువాతే ఇవ్వాలి.

మూటాముల్లె
ఉచితం అని మాత్రం రాయవద్దు. నేను ఒకసారి అలా రాస్తే ఒక పెద్దమనిషి బకెట్టు పట్టుకుని వచ్చాడు. మీ కొలను ఎంత అని అడిగితే, వంద లీటర్ల అద్దాల తొట్టి ఉందని గర్వంగా చెప్పాడు. అడిగిన కోయి అడ్డంగా తిరిగితే ఆ తొట్టిలో మళ్లీ నిలువుగా తిరగలేదు. ఏదో కొంత ధర పెడితే సరదాకు వచ్చేవారు తగ్గుతారు.

పాచిరంగు
ధర పెడితే డబ్బున్నవారు వస్తారు గాని కొలను ఉన్నవారే వస్తారని ఏముంది? నా ఉద్దేశంలో ధర కన్నా ప్రశ్నలే మంచి జల్లెడ. కొలను ఫొటో పంపమని అడగండి, సగం మంది అక్కడే ఆగిపోతారు.

నీటిలెక్క
పాచిరంగు గారి మాటతో ఏకీభవిస్తూ కొన్ని అంకెలు జోడిస్తాను. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి 1000తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. రెండున్నర మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉంటే 6000 లీటర్లు. ఆరు పెద్ద కోయిలకు ఇంతకన్నా తక్కువ ఉన్న చోటు నాకు నచ్చదు, మంచి ఫిల్టరు ఉన్నా సరే. కోయి 60 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, పాతికేళ్లు దాటి బతుకుతుంది; తీసుకునేవారి వయసు, ఇల్లు సొంతమా అద్దెదా అన్నది అడగడం అమర్యాద కాదు. గోల్డ్‌ఫిష్‌ను కూడా తక్కువగా చూడవద్దు. ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది.

ఇంకొక ముఖ్యమైన ప్రశ్న: ఫిల్టరు ఎన్నాళ్లుగా నడుస్తున్నది? చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే బాక్టీరియా కొత్త ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "మీ చేపల కోసమే నిన్న కొలను కట్టించాము" అని ఎవరైనా సంతోషంగా చెబితే, వారికి అభినందనలు చెప్పి నెల తరువాత రమ్మనండి.

అద్దాలతొట్టి
లేదా మీ ఫిల్టరులోని పాత స్పాంజిని, రాళ్లను చేపలతో పాటే ఇచ్చివేయండి. ఎలాగూ కొలను పూడ్చేస్తున్నారు. వాటిని కొలను నీటిలోనే తడిగా ఉంచి, కొన్ని గంటలలోపు కొత్త ఫిల్టరులో పెట్టాలి. కుళాయి నీటితో కడిగితే క్లోరిన్‌కు ఆ బాక్టీరియా చనిపోతుంది.

తామరకొలను
ఇన్ని వివరాలకు కృతజ్ఞతలు. ప్రకటనలో ఏమి రాయాలో ఇప్పుడు అర్థమవుతోంది. ఒక సందేహం: రోగాల సంగతి ఏమిటి? మా చేపలు ఆరోగ్యంగానే ఉన్నాయి, ఏళ్ల తరబడి కొత్త చేపను వేయలేదు. క్వారంటైన్ నేను చేయించి ఇవ్వాలా, తీసుకునేవారు చేయాలా? ఒక ముసలి గోల్డ్‌ఫిష్‌కు మాత్రం పొట్ట దగ్గర గడ్డ ఉంది.

పొలుసు
తీసుకునేవారే చేయాలి, ఎందుకంటే క్వారంటైన్ రక్షించేది వారి పాత చేపలను. కోయి హెర్పిస్ వైరస్ అన్నది 1990ల చివరిలో గుర్తించిన వ్యాధి. నీరు 16 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అది బయటపడుతుంది, సోకిన కొలనులో అత్యధిక భాగం చేపలు చనిపోవచ్చు, బతికి బయటపడిన చేప పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను మోస్తూ ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌లకు ఈ జబ్బు రాదు గాని అవి వాహకాలు కాగలవు. అందుకే వేరే తొట్టిలో, ఆ ఉష్ణోగ్రతల మధ్యనే, కనీసం మూడు నాలుగు వారాలు ఉంచి చూడాలి. చల్లని నీటిలో నెల ఉంచినా ఈ వైరస్ విషయంలో పరీక్ష జరిగినట్టు కాదు.

గడ్డ ఉన్న చేపను ఎవరికీ ఇవ్వకండి. జలచరాలను చూసే పశువైద్యుడికి చూపించండి. చికిత్స లేదని తేలితే, లవంగనూనె వంటి మత్తుమందు కలిపిన నీటిలో నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా చేయడం ఆయన మార్గదర్శకత్వంలో సాధ్యమే. మొప్పలు ఆడడం ఆగిన తరువాత కూడా కనీసం 10 నిమిషాలు అదే నీటిలో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టడం, టాయిలెట్‌లో వేయడం రెండూ క్రూరమైనవే.

మూటాముల్లె
క్వారంటైన్ భారం పూర్తిగా తీసుకునేవారి మీద వేయడం న్యాయం కాదని నాకనిపిస్తుంది. ఏళ్లుగా బయటి చేప రాని కొలను అంటే అసలు ప్రమాదం చాలా తక్కువ. నాలుగు వారాల షరతు పెడితే అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

పొలుసు
ఆ ఓపిక లేనివారికి ఇవ్వకపోవడమే మేలు. మీరు ఒక వైపే చూస్తున్నారు. తామరకొలను గారి చేపలు ఏళ్లుగా ఒంటరిగా ఉన్నాయి కాబట్టి, కొత్త కొలనులోని పరాన్నజీవులకు వాటిలో నిరోధకశక్తి ఉండకపోవచ్చు. కొలను మార్పుతో అలసిన చేపను నేరుగా పాత చేపల మధ్యకు తోస్తే, రోగం ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పలేరు, ఆపై నిందలు మాత్రం ఇచ్చినవారికే వస్తాయి. ఏ మందులు ఎప్పుడు వాడారో, ఏ చేప ఎలా చనిపోయిందో కాగితం మీద రాసి చేపలతో పాటు ఇవ్వండి.

గట్టుమీది_కొంగ
ఇన్ని తంటాలు లేకుండా పెద్ద కోయిలను వండుకుంటే? అదీ కార్ప్ జాతి చేపే కదా. నన్ను తిట్టే ముందు ఇది ప్రశ్న మాత్రమే అని గమనించగలరు.

మొప్పల_మాస్టారు
అలంకారపు చేపలకు వాడే మందులు తినే చేపలకు ఉద్దేశించినవి కావు. మాలకైట్ గ్రీన్ అనే మందును తిండి చేపల పెంపకంలో చాలా దేశాలు నిషేధించాయి. అలంకారపు చేపల మందులలో మాత్రం ఇంకా కనిపిస్తుంది. తిట్టడం లేదు, మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నాను.

పాచిరంగు
తామరకొలను గారూ, ఈ రెండు నెలలలో చేపల సంఖ్య ఇంకా పెరగకుండా చూసుకోండి. గోల్డ్‌ఫిష్ మెత్తని ఆకులకు, వేళ్లకు గుడ్లు అంటిస్తుంది, వెచ్చని నీటిలో అవి నాలుగైదు రోజులలో పొదుగుతాయి. తేలే మొక్కలను ఇప్పుడే తీసేస్తే గుడ్లకు ఆధారం ఉండదు, పెట్టిన కాసినిటిని పెద్ద చేపలే తినేస్తాయి. చేపపిల్లలు ముదురు గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి మీరు లెక్కపెట్టిన నలభైలో అవి లేకపోవచ్చు.

తామరకొలను
ఇది చదివి వెళ్లి చూశాను. నలభై కాదు. ఎన్నో చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఇంకొక సంగతి. నా ప్రకటనకు ముగ్గురు స్పందించారు. ఒకరి కొలను చాలా పెద్దది, ఫిల్టరు కూడా పాతది, కోయిలు ఆరింటినీ కలిపి తీసుకుంటానంటున్నారు, వేరే తొట్టిలో నెల ఉంచడానికి కూడా అభ్యంతరం లేదన్నారు. ప్రయాణం నాలుగు గంటలు ఉంటుంది. ఎలా పంపాలి?

మూటాముల్లె
ఈ విషయంలో కాస్త వివరంగా రాస్తాను, నా పేరే అందుకు అర్హత. పట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు మేత ఆపేయండి, లేకపోతే సంచిలోని నీటిని చేపే పాడు చేసుకుంటుంది. ఎండ ఎక్కక ముందే పని మొదలుపెట్టి, కొలను నీటిని మోకాలి లోతుకు తగ్గించండి. నిండు కొలనులో వల పట్టుకుని పరుగులు తీస్తే చేపకూ మీకూ ఇద్దరికీ ఊపిరి ఆడదు. పెద్ద కోయిని వలలో ఎత్తవద్దు. వెడల్పైన, లోతు తక్కువ వలతో టబ్బులోకి మళ్లించి, నీటితో సహా ఎత్తాలి. వలలో వేలాడదీస్తే పొలుసులు ఊడతాయి, జిగురు పొర పోతుంది, ఆ గాయాల మీదనే తరువాత ఫంగస్ వస్తుంది.

సంచిలో మూడో వంతు కొలను నీరు, మిగిలిన రెండు వంతులు ఆక్సిజన్ ఉండాలి. ఒక సంచిలో ఒకే పెద్ద చేప, సంచి మీద మరొక సంచి, దానిని మూత ఉన్న పెట్టెలో చీకటిగా ఉంచాలి. పెట్టెను కారులో అడ్డంగా పెడితే బ్రేకు వేసినప్పుడల్లా చేప ముక్కు సంచి మూలకు గుద్దుకోదు. లీటరుకు 1 నుంచి 3 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు కలిపితే ఒత్తిడి తగ్గుతుంది. గోల్డ్‌ఫిష్‌లకు ఇంత హంగు అక్కరలేదు, దగ్గరి ప్రయాణమైతే మూత ఉన్న డ్రమ్ము, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు చాలు.

అద్దాలతొట్టి
చేరిన తరువాత సంచి విప్పి, కొత్త నీటిని గంటసేపు కొద్దికొద్దిగా పోస్తూ అలవాటు చేయాలని కూడా చేర్చండి.

పొలుసు
నాలుగు గంటల ప్రయాణం తరువాత అలా చేయకూడదు. మూసిన సంచిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గుతుంది, పేరుకున్న అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. అందులోనే గంటసేపు చేపను కూర్చోబెడితే మనమే మొప్పలు కాల్చినట్టు. మూసిన సంచిని పదిహేను ఇరవై నిమిషాలు కొత్త నీటి మీద తేలనిచ్చి, ఉష్ణోగ్రత కలిసిన తరువాత విప్పి, వెంటనే చేపను మాత్రం బదిలీ చేయాలి. సంచి నీటిని అందులో పోయవద్దు.

అద్దాలతొట్టి
పక్క వీధి నుంచి తెచ్చిన చేపకు నా పద్ధతి బాగానే పనిచేసింది. దూర ప్రయాణానికి మీ వాదన సరైనదే.

నీటిలెక్క
అయితే ఆ పద్ధతి క్షేమంగా పనిచేయాలంటే రెండు నీళ్లూ ముందే దగ్గరగా ఉండాలి. పాత కొలనులలో నైట్రేటు పెరిగి పీహెచ్ మెల్లమెల్లగా పడిపోతుంది, చేప దానికి అలవాటు పడిపోతుంది. అటువంటి చేపను శుభ్రమైన నీటిలో వేసినా షాక్ తగిలి చనిపోవచ్చు. ఈ నెలంతా వారానికి ఒకసారి పదిహేను శాతం నీరు మార్చుతూ, క్లోరిన్ తీసే మందు వేస్తూ రండి. వారి కొలను పీహెచ్, కాఠిన్యం అడిగి మీ అంకెలతో పోల్చి చూడండి. పెద్ద తేడా ఉంటే క్వారంటైన్ తొట్టిని మొదట మీ కొలను నీటితోనే నింపి, తరువాత మెల్లగా మార్చుకోమని చెప్పండి.

తామరకొలను
కోయిలు వెళ్లాయి. తీసుకున్నవారు క్వారంటైన్ తొట్టి వీడియో పంపారు. మూడో రోజున మేత అందుకున్నాయట. గోల్డ్‌ఫిష్‌లను రెండు ఇళ్లకు పంచాను, ఫిల్టరులోని స్పాంజి కూడా సగం సగం ఇచ్చాను. గడ్డ ఉన్నదానిని వైద్యుడు చూశారు, ఆయన సలహా ప్రకారమే చేశాము. మిగిలినవి సక్కర్ చేపలు రెండూ. వాటిని మాత్రం ఎవరూ అడగడం లేదు. నీటి మొక్కలను, కొలను నీటిని ఏమి చేయాలో కూడా తెలియాలి.

పాచిరంగు
నీటిని మురుగు కాలువలోకి గాని వాగులోకి గాని పోయవద్దు, చెట్ల మొదళ్లలో పోయండి. మీరు ఉప్పు, మందు కలిపిన సంచుల నీరు మాత్రం అక్కడ వద్దు. అంతరతామర, గుర్రపుడెక్క వంటి తేలే మొక్కలను నేల మీద పరిచి పూర్తిగా ఎండిన తరువాతే కంపోస్టులో వేయండి. ఒక్క తునక నీటికి చేరినా మళ్లీ అల్లుకుంటాయి. వల, టబ్బులు ఎవరికైనా ఇస్తే అవి కూడా ఎండబెట్టి ఇవ్వండి.

మొప్పల_మాస్టారు
సక్కర్ చేపల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెరువులో వదిలితే గోల్డ్‌ఫిష్ కన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్టు కూలుతుంది. గాలి పీల్చగలదు కాబట్టి చెడిన నీటిలో కూడా చావదు. దాని గట్టి ముళ్లకు వలలు చిరుగుతాయి. కోయిలు ఉన్న కొలనుకు కూడా ఇవ్వవద్దు, రాత్రిపూట వాటి ఒంటికి అంటుకుని జిగురు పొరను గీరుతుంది. అడుగున్నర వరకు పెరుగుతుంది కాబట్టి అద్దాల తొట్టి అయితే చాలా పెద్దది కావాలి.

అద్దాలతొట్టి
నా దగ్గర వెయ్యి లీటర్ల తొట్టి ఉంది, దానిలో ఒక సక్కర్ ఇప్పటికే ఉంది. మూడు చేపలు ఒకే చోట గుహల కోసం కొట్టుకుంటాయి కాబట్టి ఒకటి మాత్రం తీసుకోగలను. రెండో దాని కోసం నాకు తెలిసిన ఒకరిని అడుగుతాను, వారి తొట్టి ఇంకా పెద్దది.

తామరకొలను
ఎంతో ఉపకారం. కొలను ఖాళీ చేసేటప్పుడు పడతాను. వలతోనేనా?

మొప్పల_మాస్టారు
వలతో వద్దు. రెక్కల ముళ్లను బిగించి వలలో ఇరుక్కుపోతుంది, విడదీయడానికి వలను కత్తిరించవలసి వస్తుంది. నీరు అడుగంటిన తరువాత మూతి వెడల్పైన ప్లాస్టిక్ డబ్బాను ఎదురుగా పెట్టి వెనుక నుంచి తోలండి. సన్నని సంచిలో కూడా వేయకండి, ముళ్లు పొడిచి చిల్లులు పడతాయి.

అద్దాలతొట్టి
మూత ఉన్న బకెట్టు రెండు నేనే తెస్తాను. కొలను ఏ రోజున ఖాళీ చేస్తారో ముందు రోజు చెప్పండి, నా తొట్టి నీటి ఉష్ణోగ్రత చూసి ఉంచుతాను.